పొగ పక్కింటికి, వెచ్చదనం మనింటికి

న్యూయార్క్ రాష్ట్రంలో, అడిరాండాక్ కొండలకు దగ్గరగా ఉన్న ఒక చిన్న ఊరి నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు వెయ్యొద్దన్నారు. అందులోని ముఖ్యమైన సంగతులు ముందు చెప్పి, ఆ తర్వాత నాకు తోచింది రాస్తాను.

ఆవిడ భర్త డాక్టరు. డాక్టర్ల కొరత ఉన్న చోట మూడేళ్లు పనిచేయాలన్న జే-1 వీసా మినహాయింపు ఒప్పందం మీద ఆ ఊరి ఆసుపత్రికి వచ్చారు. ఇప్పటికి ఏడాదిన్నర గడిచింది. అద్దెకు మంచి ఇల్లు దొరక్క, రెండెకరాల స్థలంలో ఉన్న పాత ఫామ్‌హౌస్ కొనుక్కున్నారు. ఇంటి వెనక రేకుల కొట్టం లాంటిది ఒకటి ఉంది, దాని మీద పది అడుగుల పొగగొట్టం. అది ఔట్‌డోర్ వుడ్ బాయిలర్. పాత యజమాని 2004లో పెట్టించాడు. అందులో కట్టెలు వేస్తే నీళ్లు కాగుతాయి, ఆ నీళ్లు భూమిలోంచి వేసిన గొట్టాల ద్వారా ఇంట్లోకి వచ్చి గదులన్నీ వెచ్చబరుస్తాయి. స్నానాలకూ అవే నీళ్లు. నేలమాళిగలో ఆయిల్ ఫర్నేసు కూడా ఉంది, పనిచేస్తుంది, కానీ వాడటం లేదు.

బాయిలర్‌కు పక్కవాళ్ల హద్దు 60 అడుగుల దూరంలో ఉంది. ఆ పక్కింట్లో డెబ్భై దాటిన ఒక పెద్దావిడ, ఏడేళ్ల మనవడు. పిల్లాడికి ఆస్తమా. "మేము వచ్చిన మొదటి చలికాలం ఆవిడే గుమ్మడికాయ రొట్టె చేసి తెచ్చి పలకరించారు. మంచు పడిన రోజు మేము అడక్కుండానే వాళ్ల అల్లుడితో మా దారి శుభ్రం చేయించారు" అని రాశారు ఈ సోదరి. డిసెంబరులో ఆవిడ ఒక చీటీ రాసి మెయిల్‌బాక్సులో పెట్టారు. గాలి అటు తిరిగిన రోజు మనవడికి ఇన్‌హేలర్ ఎక్కువసార్లు వాడాల్సి వస్తోందనీ, రెండు రోజులు తెల్లవారుజామున వాళ్ల వంటింట్లో స్మోక్ అలారం మోగిందనీ, టౌన్ ఆఫీసుకు వెళ్లడం తనకు ఇష్టం లేదనీ, ఏదైనా చెయ్యమనీ దాని సారాంశం. చీటీ వచ్చి మూడు వారాలు. ఇంకా జవాబు ఇవ్వలేదు.

"మావారేమో, 2004 నాటిది కాబట్టి కొత్త రూల్స్ దీనికి పట్టవు, అంటారు. రోజూ ఆసుపత్రిలో ఆస్తమా పిల్లలకు మందు రాసే మనిషి ఇంటికొచ్చి ఇలా మాట్లాడితే నాకు కడుపు మండిపోతుంది. మామయ్యగారి సంగతి ఇంకోటి. ఆయన కందుకూరు వైపు వర్జీనియా పొగాకు రైతు. అత్తయ్య పోయాక ఒంటరిగా ఉండలేక మా దగ్గరికి వచ్చారు. కారు నడపలేరు, ఇంగ్లీషు రాదు, బయట అడుగు పెడితే మంచు. ఈ బాయిలర్ ఒక్కటే ఆయనకు పని. రాత్రి రెండింటికి లేచి, కోటు వేసుకుని వెళ్లి కట్టెలు వేసి వస్తారు. పొగ సంగతి మెల్లగా ఎత్తితే, 'ముప్పై ఏళ్లు బ్యారన్ (పొగాకు ఆకు కాచే కొట్టం) కాచినోణ్ణి, నా చేతి మంటకు వంక పెడుతున్నారా' అని రెండు రోజులు సరిగా అన్నం తినలేదు."

ఖర్చులు కూడా వివరంగా రాశారు. కిందటి చలికాలం 12 కార్డుల (కార్డు అంటే అక్కడ కట్టెల కొలత) కట్టె కొన్నారు, కార్డు 280 డాలర్లు. ఆయిల్ గ్యాలన్ 3 డాలర్ల 75 సెంట్లు. ఆయిల్‌తో కాచిన రోజుల్లో ఏడాదికి సుమారు 950 గ్యాలన్లు అయ్యేవని పాత యజమాని చెప్పాడట. కరెంటు యూనిట్ 19 సెంట్లు. కట్టె అక్టోబరులో దింపుతారు, మంటలో వేస్తే చివర్ల నుంచి నురుగు వస్తుంది. ఈ ఏడాది కొన్నదాంట్లో ఇంకా ఆరు కార్డులు మిగిలి ఉన్నాయి. చట్టం ఎవరి వైపు, బాయిలర్ మార్చాలా వద్దా, మామయ్యగారికి ఎలా చెప్పాలి, పక్కింటావిడకు ఏమని జవాబివ్వాలి అన్నవి ఆవిడ ప్రశ్నలు.

*

అమ్మా, మీ ఉత్తరం చదవగానే నాకు ముందు ఆ ఏడేళ్ల పిల్లాడు, ఆ వెంటనే రాత్రి రెండింటికి కోటు వేసుకుంటున్న మీ మామగారు కళ్ల ముందు మెదిలారు. మీ ఇంట్లో జరుగుతున్న వాదనలో ఈ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడినట్టు అయిపోయింది. నిజానికి వాళ్లిద్దరి మధ్యా ఏ తగువూ లేదు. ఆ బాయిలర్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే మీకే అర్థమవుతుంది.

అంతకన్నా ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. పక్కింటావిడకు ఈ రోజే జవాబివ్వండి. మీ దగ్గర పరిష్కారం లేకపోయినా సరే. మూడు వారాల మౌనం ఆవిడకు "మాకు పట్టదు" అన్నట్టే వినిపిస్తుంది. ఫోన్ వద్దు, నడిచి వెళ్లండి, వీలైతే మీవారితో కలిసి. చీటీ అందిందనీ, ఆలస్యానికి మన్నించమనీ, పిల్లాడి గురించి విని బాధపడ్డామనీ, ఈ చలికాలంలోనే పొగ తగ్గించే పని మొదలుపెడతామనీ చెప్పండి. ఏ రోజుల్లో, ఏ గంటల్లో పొగ ఎక్కువగా వస్తోందో రాసిపెట్టమని అడగండి. ఆ కాగితం తర్వాత మీకు చాలా పనికొస్తుంది. ఇంకో మాట, గాలి వాళ్ల వైపు తిరిగిన రాత్రి మీకు మెసేజ్ పెట్టమని నంబర్ ఇచ్చి రండి. ఆవిడ టౌన్ ఆఫీసుకు వెళ్లకుండా మీ మెయిల్‌బాక్సు దగ్గరికి వచ్చారు. ఆ మర్యాదను నిలుపుకోవడం మీ చేతిలో ఉంది.

ఇక బాయిలర్. మన ఇళ్లల్లో స్నానాల గది పక్కన రాగి బాయిలర్ ఉండేది గుర్తుందా? నడిమధ్య గొట్టంలో నిప్పు, చుట్టూ నీళ్లు. మీ వెనక దొడ్లో ఉన్నది దాని పెద్ద అన్న. ఇనప పొయ్యి చుట్టూ వందల గ్యాలన్ల నీళ్లు. తేడా ఏమిటంటే, రాగి బాయిలర్‌లో మంట ఎంత కావాలో మనం చూసుకుంటాం. ఇక్కడ థర్మోస్టాట్ చూసుకుంటుంది. నీళ్లు సుమారు 180 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరగానే గాలి తలుపు మూసుకుంటుంది. లోపల నిండా కట్టెలు, నిప్పు ఉంది, గాలి లేదు. మంట చచ్చి కట్టె కుములుతుంది. పొయ్యి గోడల వెనక నీళ్లు ఉండటంతో ఆ గోడలు మంటతో పోలిస్తే చల్లగా ఉంటాయి, కాబట్టి కాలని పొగ అక్కడే తారులా పేరుకుంటుంది. ఇంట్లో చలి పెరిగి నీళ్లు చల్లబడగానే తలుపు తెరుచుకుంటుంది, అంతసేపూ మగ్గిన పొగంతా దట్టంగా ఒక్కసారి బయటికి వస్తుంది. గొట్టం పది అడుగులే కాబట్టి పైకి పోదు. చలికాలం తెల్లవారుజామున గాలి కదలదు, కింద చల్లగాలి, పైన వెచ్చగాలి మూత పెట్టినట్టు ఉంటుంది. పొగ నేల మీద పాకుతూ పక్కింటి కిటికీ సందుల్లోకి వెళ్తుంది. తెల్లవారుజామున వాళ్ల అలారం మోగింది అందుకే.

రాత్రి రెండింటికి పొయ్యి నిండా కట్టెలు దట్టించడం వల్ల ఇది ఇంకా ఎక్కువవుతుంది. కానీ మీ మామగారు తప్పు చేస్తున్నారని అనలేం. ఆ యంత్రం ఎవరి చేతిలో ఉన్నా రాత్రికి సరిపడా నింపమనే చెబుతుంది, దాని తయారీయే అలాంటిది. ఈశాన్య రాష్ట్రాల వాయు కాలుష్య సంస్థల కూటమి నెస్కామ్ 2006లో ఇచ్చిన నివేదికలో, ఇలాంటి పాత బాయిలర్ ఒక్కటి వదిలే సన్నని ధూళి 22 సర్టిఫైడ్ కట్టెల స్టవ్వులకు, 205 ఆయిల్ ఫర్నేసులకు సమానమని లెక్క తేల్చింది. పక్కింటి పిల్లాడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది ఆ ధూళే, 2.5 మైక్రాన్ల కన్నా చిన్నది, ముక్కు ఆపలేనిది.

మీవారి మాట దగ్గరికి వద్దాం. ఆయన చెప్పింది సగం నిజం. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ కట్టెల స్టవ్వులకు 1988లోనే పరిమితి పెట్టింది కానీ ఔట్‌డోర్ బాయిలర్లను అందులో చేర్చలేదు. 2007లో తయారీదారులు ఇష్టపడి చేరే పథకం ఒకటి తెచ్చింది. 2015లో మొదటిసారి తప్పనిసరి నియమం వచ్చింది: ఇంటికి అందే ప్రతి పది లక్షల బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) వేడికి 0.32 పౌన్ల ధూళి మించకూడదు. 2020 మే 15 నుంచి దాన్ని 0.10కి తగ్గించారు. ఇవన్నీ కొత్తగా తయారుచేసి అమ్మేవాటికే. ఇళ్లల్లో అప్పటికే ఉన్నవాటిని తీసెయ్యమని ఫెడరల్ నియమం చెప్పదు. న్యూయార్క్ రాష్ట్రం 2011లో సొంతంగా పార్ట్ 247 అనే నియమావళి తెచ్చింది. కొత్తది పెడితే హద్దుకు కనీసం 100 అడుగుల దూరం, 18 అడుగుల పొగగొట్టం ఉండాలన్నది దాన్లోనిదే. మీ 60 అడుగులు, పది అడుగుల గొట్టం పాతవి కాబట్టి చెల్లుతున్నాయి.

మిగతా సగం మీవారు వదిలేశారు. అదే నియమావళిలో కొత్తవాటికీ పాతవాటికీ ఒకేలా వర్తించేవి ఉన్నాయి. చెత్త, ప్లాస్టిక్, రంగు వేసిన చెక్క, మందు పట్టించిన చెక్క కాల్చకూడదు. ఆరిన శుభ్రమైన కట్టె మాత్రమే వెయ్యాలి. పొగ ఇతరులకు బాధ కలిగించకూడదు, ఆ బాధకు ఉదాహరణలు కూడా ఇచ్చారు: పక్క భవనాల్లో స్మోక్ అలారాలు మోగడం, రోడ్డు మీద దారి కనపడకపోవడం, కంటికి కనిపించే పొగ పక్క స్థలంలోని భవనాన్ని తాకడం. ఆవిడ చీటీలో రెండుసార్లు అలారం మోగిందని ఉంది. ఆ మాటకు చట్టంలో ఎంత బరువుందో ఆవిడకు తెలియకపోవచ్చు. మీవారికి తెలియాలి. పైగా టౌన్లు తమ స్థాయిలో ఇంకా గట్టి నియమాలు పెట్టుకోవచ్చు, కొన్ని టౌన్లు ఈ బాయిలర్లను పూర్తిగా నిషేధించాయి కూడా. మీ టౌన్ క్లర్కును "పాతవాటికి ఏమేం వర్తిస్తాయి" అని రాతపూర్వకంగా అడగండి. "పాతది ఉంచుకోవచ్చా" అని అడిగితే వచ్చే జవాబు వేరు.

ఆయన మీద మీ కోపం నాకు అర్థమైంది. కానీ ఆయన మాటల్లో నాకు మొండితనం కన్నా భయం ఎక్కువ వినిపించింది. పరాయి ఊరు, తలకెత్తుకున్న ఇంటి అప్పు, ఒప్పందం ఇంకా సగం మిగిలి ఉంది, తండ్రి ఇంట్లో దిగాలుగా ఉన్నాడు. "కొత్త రూల్స్ దీనికి పట్టవు" అన్న మాట వెనక ఇవన్నీ ఉండవచ్చు. ఆస్తమా గురించి వాదించకండి, ఆయనకు మీకన్నా బాగా తెలుసు. డబ్బు లెక్క ముందు పెట్టండి. ఎందుకంటే ఆ లెక్కలోనే మీకు ఒక ఆశ్చర్యం ఉంది.

బాగా ఆరిన మేపుల్, ఓక్ లాంటి గట్టి కట్టె ఒక కార్డులో, అంటే 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు, 8 అడుగుల పొడవు పేర్చిన 128 ఘనపు అడుగుల్లో, సుమారు 2 కోట్ల 40 లక్షల బీటీయూల వేడి ఉంటుంది. పాత బాయిలర్ అందులో నూటికి నలభై వంతులు ఇంటికి అందిస్తుందనుకుందాం. మిగతాది పొగలో, గొట్టాల దారిలో పోతుంది. అంటే కార్డుకు 96 లక్షల బీటీయూలు. మామూలు ఆయిల్ ఫర్నేసులో అంత వేడి రావాలంటే 82 గ్యాలన్ల దాకా కాలాలి. మీ ధరకు 82 గ్యాలన్లంటే సుమారు 307 డాలర్లు. మీరు కట్టెకు పెడుతున్నది 280. కార్డుకు మిగిలేది 27 డాలర్లు! పన్నెండు కార్డులకు 3,360 డాలర్లు ఇచ్చారు, పాత యజమాని చెప్పిన 950 గ్యాలన్ల ఆయిల్‌కు 3,560 అవుతుంది. ఆ రెండు వందల్లోంచి బాయిలర్ ఫ్యాను, పంపు ఏడాదికి తాగే కరెంటు తీసెయ్యండి. దాదాపు సమానం. మీ కట్టె నురుగు కక్కుతోందంటే సరిగా ఆరలేదు, కాబట్టి నిజంగా అందే వేడి ఇంకా తక్కువ, నష్టమే వస్తూ ఉండొచ్చు.

పాత యజమానికి ఇది గిట్టుబాటు అయింది, ఎందుకంటే ఆయన సొంత అడవిలో కొట్టుకుని ఉంటాడు. కట్టె ఊరికే వచ్చేవాడికి ఈ యంత్రం లాభం. కొనేవాడికి కాదు. మీవారు ఈ లెక్క తన చేత్తో, తన బిల్లులతో ఒకసారి వేసుకుంటే, ఇంత పొగను, ఇంత తగువును ఏ లాభం కోసం మోస్తున్నామో ఆయనకే తెలుస్తుంది.

ఇక మీ ముందున్న దారులు. ఒక్కొక్కదానికి ఒక్కో ధర ఉంది.

ఈ చలికాలం వరకు అన్నిటికన్నా తేలికైనది, బాయిలర్‌ను పక్కన పెట్టి ఆయిల్ ఫర్నేసు వేసుకోవడం. మిగిలిన ఆరు కార్డుల బదులు 490 గ్యాలన్ల దాకా ఆయిల్ పడుతుంది, సుమారు 1,840 డాలర్లు ఇప్పుడు చేతిలోంచి పెట్టాలి. కానీ ఆ కట్టె ఎక్కడికీ పోదు, వచ్చే ఏడాదికి ఇంకా బాగా ఆరుతుంది. జాగ్రత్త ఒకటి ఉంది: బాయిలర్ ఆపేసి వదిలేస్తే అందులోని నీళ్లు, భూమిలోని గొట్టాలు గడ్డకట్టి పగులుతాయి. పంపు తిరుగుతూ ఉంచి ఇంటి వేడి కొంత అటు వెళ్లేలా చూడాలి, లేదా తెలిసినవాడిని పిలిచి నీళ్లు పూర్తిగా దించేయాలి. ఫర్నేసును చాలాకాలం వాడలేదన్నారు, టెక్నీషియన్ చేత శుభ్రం చేయించాకే వెలిగించండి. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పకుండా ఉండాలి.

పూర్తిగా ఆపలేమంటే రెండో దారి, పాతదాన్నే పద్ధతిగా వాడటం. రాత్రి, తెల్లవారుజాము, గాలి లేని రోజులు ఆయిల్ మీద నడపండి. పగలు గాలి ఆడే వేళ, ఇంటికి వేడి గట్టిగా కావాల్సినప్పుడు, చిన్న చిన్న మంటలు వేసి బాగా మండనివ్వండి, నింపి వదలకండి. కట్టెలో తేమ 20 శాతం లోపు ఉంటేనే వెయ్యండి. తేమ కొలిచే మీటర్ ముప్పై డాలర్ల లోపే దొరుకుతుంది. దుంగను అప్పటికప్పుడు చీల్చి, లోపలి ముఖం మీద గుచ్చి చూడాలి, బయట గుచ్చితే అబద్ధం చెబుతుంది. గొట్టాన్ని పొరుగింటి కప్పు కన్నా ఎత్తుకు పెంచితే పొగ కొంత పైనుంచి పోతుంది, అయితే పొడవు పెరిగితే లోపల తారు ఎక్కువ పడుతుంది, ఇన్సులేటెడ్ గొట్టమే వెయ్యాలి, తరచూ దులపాలి. వేసవిలో స్నానాల నీళ్ల కోసం దీన్ని వెలిగించనే వద్దు, ఆ కాలంలో ఇది రోజంతా కుములుతూనే ఉంటుంది. ఇంత చేసినా పొగ తగ్గుతుంది కానీ పోదు. పిల్లాడికి మళ్లీ ఎక్కువైతే ఈ దారి మూసుకుపోయినట్టే. పైగా ఇరవై ఏళ్లు దాటిన ఇనప పొయ్యి ఎప్పుడు కారుతుందో చెప్పలేం.

మూడోది, కొత్త సర్టిఫైడ్ బాయిలర్. ముందు పొయ్యిలో కట్టెను తక్కువ గాలితో కాల్చి, ఆ పొగనే కింద ఇంకో గదిలో మళ్లీ మండించే రకాలు ఉన్నాయి. ఇంటికి అందే వేడి నూటికి డెబ్భై వంతులకు చేరితే మీకు పన్నెండు కార్డుల బదులు ఏడు చాలు. ఏడాదికి 1,400 డాలర్ల మిగులు. కానీ బాయిలర్, బిగింపు కలిసి పదివేల డాలర్ల పైమాటే. పాతదాని స్థానంలో పెట్టడానికి లేదు, 100 అడుగుల నియమం ఉంది. రెండెకరాల్లో చోటు దొరుకుతుంది కానీ కొత్తగా కందకం తవ్వి గొట్టాలు వెయ్యాలి. మీ ఒప్పందం ఇంకా ఏడాదిన్నర. ఆ తర్వాత ఆ ఊళ్లో ఉంటారా? ఉండకపోతే ఈ ఖర్చు తిరిగిరాదు. ఇంకో నిజం చెప్పాలి. ఈపీఏ అంతర్గత తనిఖీ విభాగం 2023లో, ఈ హీటర్లు మార్కెట్లోకి వచ్చేముందు సరిగా పరీక్షించి సర్టిఫై చేస్తున్నారన్న భరోసా లేదని తేల్చింది. సర్టిఫికెట్ చూసి మాత్రమే కొనకండి. అదే మోడల్ పెట్టుకున్నవాళ్ల ఇంటికి జనవరిలో ఒక ఉదయం వెళ్లి, గొట్టం దగ్గర నిలబడి చూసి కొనండి.

నాలుగోది హీట్ పంపు, అంటే బయటి గాలిలోని వేడిని కరెంటుతో ఇంట్లోకి లాక్కొచ్చే యంత్రం. చలి ప్రాంతాలకు తయారుచేసినవి ఒక యూనిట్ కరెంటుకు సగటున రెండున్నర యూనిట్ల వేడి ఇస్తాయనుకుంటే, మీ ఇంటికి ఏడాదికి సుమారు 2,560 డాలర్ల కరెంటు. కట్టె కన్నా, ఆయిల్ కన్నా తక్కువ, పొగ అసలే లేదు. పాత ఇల్లు కాబట్టి ముందు అటకలో ఇన్సులేషన్, కిటికీ సందులు చూసుకోవాలి. బాగా చలి ముదిరిన రాత్రులకు ఆయిల్ ఫర్నేసును అలాగే ఉంచుకోవాలి. కట్టె బాయిలర్లకూ హీట్ పంపులకూ ఖర్చులో 30 శాతం, రెండు వేల డాలర్ల దాకా ఇచ్చిన ఫెడరల్ పన్ను రాయితీ 2025 డిసెంబరు 31తో అయిపోయింది, ఎవరైనా సేల్స్‌మన్ ఇంకా ఉందంటే నమ్మకండి. న్యూయార్క్‌లో కరెంటు కంపెనీల ద్వారా ఇచ్చే క్లీన్ హీట్ రాయితీ ఉంది, ఎంతన్నది మారుతూ ఉంటుంది కాబట్టి మీ కంపెనీని అడగండి. ఇల్లు అమ్మినా కొనేవాళ్లు దీన్ని ఇష్టంగానే చూస్తారు.

ఈ నాలుగిట్లో దేనితోనైనా కలిసే ఇంకోటి ఉంది, దాని గురించి చెబుతూనే మీ మామగారి సంగతికి వస్తాను.

మా అమ్మ ముప్పై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చుంది. ఊదుడుగొట్టం పక్కన పెట్టి, కొంగుతో కళ్లు తుడుచుకుని, మళ్లీ ఊదేది. 1999లో దీపం పథకం వచ్చాక మా వీధిలో ఒక్కో ఇంటికీ గ్యాస్ వచ్చింది. అందరూ సంబరపడ్డారు. అమ్మ మాత్రం కొన్నాళ్లు పొయ్యి పడగొట్టనివ్వలేదు. తన చేతి పని పోతుందన్న బాధ అది, పొగ మీద ప్రేమ కాదు. మీ మామగారు అన్నం ముట్టనప్పుడు నాకు అమ్మే గుర్తొచ్చింది.

బ్యారన్ కాచడమంటే ఏమిటో ఆయనకు తెలుసు, మీరు ఆయన నోటనే చెప్పించుకోండి. మొదట ఆకు పండటానికి సన్నని సెగ. రంగు నిలవడానికి ఇంకాస్త. చివర ఈనె ఆరడానికి పెద్ద మంట. వారం రోజులు, పగలూ రాత్రీ, సెగ కొంచెం తప్పినా పంట డబ్బు పోయినట్టే. అక్కడ మంట ఆయన మాట వినేది. ఇక్కడ గాలి తలుపు ఒక మర మాట వింటుంది. ఆయన ఎంత బాగా పేర్చి వచ్చినా, ఆయన మెట్లెక్కి తలుపు వేసుకునేలోపు ఆ మర మంటను చంపేస్తుంది. ఈ సంగతి "మీ మంట పొగ వేస్తోంది" అన్నట్టు కాకుండా, "మీ మంటను ఇది బతకనివ్వడం లేదు మామయ్యా, వచ్చి చూడండి" అన్నట్టు చెప్పండి. మధ్యాహ్నం పూట ఆయనతో కలిసి వెళ్లి, తలుపు మూసుకునే క్షణం దాకా అక్కడే నిలబడండి. గొట్టం చివర పొగ రంగు మారడం ఆయన కళ్లతో చూడాలి. ముప్పై ఏళ్లు పొగ రంగు చూసి మంట సంగతి చెప్పినవాళ్లకు అంతకు మించి వివరించాల్సిన పని ఉండదు. ఆ తర్వాత పక్కింటి పిల్లాడి సంగతి చెప్పండి, ఇన్నాళ్లూ ఆయనకు ఆ మాట ఎవరైనా సరిగా చెప్పారా? మీ ఉత్తరంలో నాకు కనిపించలేదు. మనవడి వయసు పిల్లాడని తెలిస్తే ఆయనే మీకన్నా ముందు కదులుతారేమో.

అప్పుడు ఆ చేతులకు పని కావాలి. నేను పైన అన్న ఇంకో దారి అదే. హాల్లో ఒక సర్టిఫైడ్ కట్టెల స్టవ్వు పెట్టుకోవచ్చు. 2020 నియమం ప్రకారం వాటికి గంటకు 2 గ్రాములు, మామూలు కట్టెతో పరీక్షిస్తే 2.5 గ్రాముల ధూళే పరిమితి. అద్దం తలుపులోంచి మంట కనిపిస్తుంది, గాలి ఎంత ఇవ్వాలో ఒక మీటతో మనిషే తిప్పుకుంటాడు. ఇల్లంతా వెచ్చబడదు, హాలు, పక్క గదులు వెచ్చబడతాయి, మిగతాది ఆయిలో హీట్ పంపో చూసుకుంటుంది. కరెంటు పోయిన రోజు ఆయన మంటే మిమ్మల్ని కాపాడుతుంది, ఔట్‌డోర్ బాయిలర్ పంపు కరెంటు లేకపోతే తిరగదు కదా. దీనికీ పర్మిట్ కావాలి, పొగగొట్టం లైనింగ్ కావాలి, బీమా కంపెనీకి ముందే చెప్పాలి, ఖర్చు కొన్ని వేలు. పక్కింటికి పొగ సున్నా అవుతుందనీ అనను. పిల్లాడి ఆస్తమా తీవ్రంగా ఉంటే ఇది కూడా వద్దనుకుని పూర్తిగా హీట్ పంపుకు వెళ్లడమే మేలు కావచ్చు. అది ఆవిడతో, మీవారి డాక్టర్ బుద్ధితో కలిసి తేల్చుకోవాల్సింది.

నన్నడిగితే, మీది ఏడాదిన్నర మాటే అయితే ఈ చలికాలం ఆయిల్, ఈలోపు ఇన్సులేషన్, తర్వాత చిన్న స్టవ్వు అన్న వరస తేలిక. అక్కడే స్థిరపడతామంటే హీట్ పంపుకు కొటేషన్లు తెప్పించండి. కొత్త బాయిలర్ మాత్రం సొంత కట్టె ఉన్నవాళ్లకే అని నా అభిప్రాయం. పాతదాన్ని ఏం చేసినా, తక్కువ ధరకు ఇంకొకరికి అంటగట్టకండి, ఆ పొగ మరో ఇంటి కిటికీలోకి వెళ్తుంది. తుక్కు కింద ఇచ్చేయండి.

మిగిలిన ఆరు కార్డుల కట్టె విషయం మామయ్యగారికే అప్పగించండి. లావు దుంగలు ఉంటే చీల్చాలి, నేలకు తగలకుండా దిమ్మల మీద, ఎండ, గాలి తగిలేలా ఒంటి వరస పేర్చాలి, పైన మాత్రమే కప్పాలి, పక్కలు కప్పకూడదు. వసంతానికల్లా పేర్చేస్తే వచ్చే అక్టోబరుకు చాలా కట్టె ఆరుతుంది, ఓక్ ఉంటే దానికి ఇంకో ఏడాది పట్టవచ్చు, అది వేరే వరస పెట్టమనండి. ఏది ఓక్, ఏది మేపుల్ అన్నది ఆయనకు కొత్త. మీరు పలకరించడానికి వెళ్లినప్పుడు ఆ పెద్దావిడ అల్లుణ్ణి అడిగి చూడండి, ఒక ఆదివారం వచ్చి చూపిస్తాడేమో. ఇంగ్లీషు రాకపోయినా కట్టె ముక్క చేతిలో పట్టుకుని మాట్లాడుకోవచ్చు.